అల్లుడూ, ఆగడం వేరు, అయిపోవడం వేరు

మినియాపొలిస్
సెప్టెంబర్ 20

చిరంజీవి కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు ఇంట్లో సారా కాస్తున్నాడటరా, నేర్పింది నువ్వేనటగా" అని మొదలెట్టింది. సారా కాదక్కా, బీరు, కాచేది వేరు పులియబెట్టేది వేరు అని అరగంట చెప్పాను. బట్టీ పెట్టి సారా దించితే ఈ దేశంలో నేరం. బీరుకి మాత్రం 1978లో అప్పటి ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ఉంది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు, అంతే. అన్నీ విని చివరికి "ఏదైతేనేం, పసివాడున్న ఇల్లు" అంది. ఆ ఒక్క ముక్క దగ్గర నా నోరు పడిపోయింది. ఈ ఉత్తరం అందుకే.

నువ్వు పంపిన మెసేజ్ మూడుసార్లు చదివాను. బార్లీవైన్ (బాగా గట్టి బీరు), 5 గ్యాలన్లు, ఒరిజినల్ గ్రావిటీ (పులియక ముందు చక్కెర చిక్కదనం, మంచినీళ్లయితే 1.000) 1.100, వచ్చే ఏడాది డిసెంబర్‌లో మీ పదో పెళ్లిరోజుకి. ఆరునెలలు కార్బాయ్‌లోనే (ఇరుకు మెడ ఉన్న పెద్ద గాజు బుడ్డిలోనే) మాగబెట్టి ఆ తర్వాత సీసాల్లోకి. మూడు వారాల్లో తాగేద్దామనే వయసులో పద్నాలుగు నెలలు ఆగుతానన్నావు చూడు, అది చదివి గర్వపడ్డాను. వెంటనే "గరాజ్‌లో పెడతాను" అన్న మాట చదివి తలపట్టుకున్నాను. డాలస్‌లో గరాజా! దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఒకటి తెలుసుకో. మామూలు పేల్ ఏల్‌లో తప్పు చేస్తే నెలలో తాగేస్తాం, తప్పూ పోతుంది. గట్టి బీరులో తప్పు కూడా బీరుతో పాటే నిల్వ ఉంటుంది. మాగితే అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా చెబితే నమ్మకు. మాగితే చేదు తగ్గుతుంది, హాప్స్ (చేదు కోసం వేసే పూలు) వాసన పలచబడుతుంది, ఆల్కహాల్ ఘాటు మెత్తబడుతుంది, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచి ఎండు ఖర్జూరం, కిస్మిస్ వైపు జరుగుతుంది. పుల్లబడిన బీరు తియ్యబడదు. వేడిలో పులిసి నెయిల్‌పాలిష్ రిమూవర్ వాసన పట్టిన బీరు పదేళ్లయినా అలాగే ఉంటుంది. తడిసిన అట్టపెట్టె రుచి వచ్చిందంటే అది రోజురోజుకీ పెరగడమే గానీ తగ్గడం లేదు.

కడుక్కోవడం, శానిటైజర్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. స్టార్ శాన్ గ్యాలన్ నీళ్లకి 6 మిల్లీలీటర్లు, అంతకన్నా ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు.

మాష్, అంటే వేడినీళ్లలో నానేసిన మాల్ట్, 149 డిగ్రీల దగ్గర (అన్నీ ఫారన్‌హీట్ లెక్కే చెప్తున్నాను) 75 నిమిషాలు ఉంచు. 156కి పోయావా, ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి పానకం తాగినట్టుంటుంది. పులియబెట్టే పాత్రలోకి వోర్ట్ (మాల్ట్ నుంచి దిగిన తియ్యటి రసం) 5 గ్యాలన్లు కాదు, 5.75 దించు. మడ్డి పోను కార్బాయ్ మెడ దాకా నిండాలంటే ఆ ముప్పావు గ్యాలన్ కావాలి. చేదు 70 ఐబీయూ (చేదుని కొలిచే లెక్క) దాకా పెట్టు, సగం కాలానికే తగ్గిపోతుంది కాబట్టి మొదట కాస్త కటువుగా ఉన్నా బెంగపడకు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకు.

నేను చేసిన తప్పు ఇది. బార్లీవైనే, 1.102తో మొదలైంది. లెక్క ప్రకారం 1.026 దగ్గరికి రావాలి. మూడో వారానికి 1.041. ఎయిర్‌లాక్‌లో (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని ఆపే నీటి మూతలో) బుడగ లేదు. కార్బాయ్‌లోకి మార్చి బేస్‌మెంట్‌లోనే ఉంచాను, అక్కడ శీతాకాలంలో 55 డిగ్రీలు. నెలకోసారి కొలిచాను. 1.041, 1.041, 1.040. ఐదు నెలలు అంకె కదల్లేదు. పుస్తకాల్లో రాసి ఉంటుందిగా, మూడు రోజుల పాటు గ్రావిటీ మారకపోతే పులియడం పూర్తయినట్టని. నాది మూడు రోజులు కాదు, నూటయాభై రోజులు మారలేదు. ఇంకేం కావాలనుకున్నాను. పంచదార కలిపి, పాత ఈస్ట్ అలిసిపోయి ఉంటుందని కొత్త ఈస్ట్ కూడా వేసి, సీసాలు నింపి, గ్యాస్ పట్టడానికి పైన వెచ్చటి గదిలో పెట్టాను. పదిహేడో రోజున మొదటి సీసా పగిలింది. గోడలో దిగిన గాజుముక్కని పట్టుకారుతో లాగాల్సి వచ్చింది. పిల్లలు స్కూల్లో ఉన్నారు.

ఇందులో ఏం జరిగిందో వరసగా చెప్తాను, లెక్కతో సహా. బీరు అయిపోలేదు, ఆగింది. ఆగడం వేరు, అయిపోవడం వేరు. ఈస్ట్ తినగలిగిన చక్కెర ఇంకా 14, 15 పాయింట్ల మేర అందులోనే ఉంది. ఈస్ట్ చలికి పడుకుంది. పడుకున్నవాడి ముందు విస్తరి పెట్టి, తినలేదు కాబట్టి కడుపు నిండిందనుకున్నాను నేను. తర్వాత ఏం చేశాను? ఆకలితో ఉన్న కొత్త ఈస్ట్‌ని తెచ్చి, వెచ్చటి గదిలో, మూత బిగించిన గాజులో ఆ విస్తరి ముందు కూర్చోబెట్టాను.

లీటరు బీరులో లీటరు గ్యాస్ కరిగి ఉంటే ఒక వాల్యూమ్ అంటాం. గ్రావిటీ ఒక్క పాయింట్ (అంటే 1.041 నుంచి 1.040కి) దిగితే సుమారు అర వాల్యూమ్ గ్యాస్ పుడుతుంది. నేను పంచదార వేసింది 2.3 వాల్యూములకి. పగలని సీసా ఒకటి తర్వాత కొలిస్తే 1.034 ఉంది. ఆరు పాయింట్లు దిగింది, అంటే మూడు వాల్యూములు అదనం. మొత్తం ఐదుకి పైన. మామూలు పొడుగు మెడ సీసాని మూడు వాల్యూములు దాటాక నేను నమ్మను. పైగా అది ఇంకా ఎనిమిది పాయింట్లు దిగాల్సిన దారిలో ఉంది.

ఎందుకు ఆగిందంటే మూడు కారణాలు, మూడూ నా చేతివే. 1.102 వోర్ట్‌కి ఒకే ఒక్క ప్యాకెట్ ఈస్ట్ వేశాను. అంత చిక్కటి వోర్ట్‌కి ఆక్సిజన్ సరిగ్గా పట్టించలేదు, పాత్రని ఊపి వదిలేశాను. ఇక మూడోది, పైన నురగ తగ్గగానే, ఆరో రోజునే, చల్లటి బేస్‌మెంట్‌లోకి దించేశాను. ఆ సమయంలోనే ఈస్ట్‌కి వెచ్చదనం కావాలి.

కాబట్టి నువ్వు చేయాల్సింది విను. యూఎస్-05 రకం పొడి ఈస్ట్ అయితే 11.5 గ్రాముల ప్యాకెట్లు మూడు వెయ్యి. డబ్బు దగ్గర చూడకు, మాల్ట్‌కి పెట్టిన ఖర్చు ముందు అదెంత. ఈస్ట్ వేసే ముందు 0.5 మైక్రాన్ రంధ్రాలున్న రాయితో స్వచ్ఛమైన ఆక్సిజన్ 90 సెకన్లు పట్టించు. ఈస్ట్ పని మొదలెట్టాక పన్నెండు గంటల లోపు ఇంకో అర నిమిషం పట్టించినా మేలే. ఆ తర్వాత మాత్రం ఈ బీరుకి ఆక్సిజన్ అంటే విషం. సీసా మూత తీసి గ్లాసులో పోసే దాకా. మొదటి నాలుగైదు రోజులు 64 డిగ్రీలు దాటనివ్వకు, నెయిల్‌పాలిష్ వాసన పుట్టేది అప్పుడే. గ్రావిటీ మూడింట రెండు వంతులు దిగాక, అంటే 1.050 దగ్గర, రోజుకో రెండు డిగ్రీలు పెంచుకుంటూ 70కి తీసుకెళ్లు. అక్కడే రెండు వారాలు వదిలెయ్యి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ రోజుల్లో నాకు తెలియనిది ఇంకోటుంది. ఈస్ట్ వేశాక ఆ వోర్ట్‌లోంచి పావు లీటరు ఒక శుభ్రమైన ఫ్లాస్క్‌లోకి తీసుకో. దానికి ఇంకో అర చెంచా పొడి ఈస్ట్ అదనంగా వేసి, మూతి మీద రేకు కప్పి, ఇంట్లో బాగా వెచ్చగా, 76, 78 డిగ్రీలు ఉండే చోట పెట్టు. వచ్చేప్పుడు పోయేప్పుడు తిప్పుతూ ఉండు. అంత ఈస్ట్, అంత వెచ్చదనం, ఇంత చిన్న పాత్ర, వారంలో తినగలిగినదంతా తినేస్తుంది. రుచి ఘోరంగా ఉంటుంది, తాగడానికి కాదు. మడ్డి పేరుకున్నాక పైతేట కొలువు. వచ్చిన అంకె, 1.024 అనుకో, అదే ఈ బీరు దిగగలిగిన చివరి మెట్టు. మాస్కింగ్ టేపు మీద పెద్ద అక్షరాలతో రాసి కార్బాయ్‌కి అంటించు. అసలు బీరు ఆ అంకెకి ఒకటి రెండు పాయింట్లలోకి వచ్చిందా, అయిపోయినట్టు. ఆరు పాయింట్ల పైన నిలబడిందా, ఆగినట్టు. నెలలు కాదు, ఏళ్లు నిలబడినా ఆగినట్టే.

ఆగితే ఏం చేయాలి? పొడి ఈస్ట్ చల్లితే లాభం లేదు. తొమ్మిది శాతం ఆల్కహాల్‌లో పడ్డ పొడి ఈస్ట్ లేవకముందే చస్తుంది. ముందు 72కి వెచ్చబెట్టి, పాత్రని మెల్లగా తిప్పి అడుగున ఉన్న ఈస్ట్‌ని లేపు, వారం చూడు. కదలకపోతే లీటరు పలచటి వోర్ట్‌లో కొత్త ఈస్ట్ వేసి, అది నురగలు కక్కుతూ మంచి జోరు మీద ఉన్నప్పుడు మొత్తంగా పొయ్యి.

కొలిచేప్పుడు రిఫ్రాక్టోమీటర్ (వెలుతురు వంపుని బట్టి చక్కెర చెప్పే పరికరం) వాడకు. ఆల్కహాల్ పుట్టాక అది అబద్ధాలాడుతుంది, ఉన్నదానికన్నా చాలా ఎక్కువ చూపిస్తుంది. హైడ్రోమీటరే వాడు. ముందు దాన్ని మంచినీళ్లలో పెట్టి 1.000 చూపిస్తోందో లేదో చూసుకో. శాంపిల్‌ని రెండు గ్లాసుల మధ్య తిరగబోసి గ్యాస్ పోగొట్టు, బుడగలు పట్టుకుంటే హైడ్రోమీటర్ పైకి తేలి తప్పు అంకె చూపిస్తుంది. కొలిచిన బీరు తాగెయ్యి. తిరిగి కార్బాయ్‌లో పోశావో, నేను డాలస్ వచ్చి మరీ తిడతాను.

నాలుగో వారానికి, టేపు మీది అంకె దగ్గరికి వచ్చాక, కార్బాయ్‌లోకి మార్చు. ఆరు నెలలు ఆ ఈస్ట్ మడ్డి మీదే వదిలేస్తే అది చచ్చి కరిగి, ఉడికిన మాంసం, సోయా సాస్ వాసన పడుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో మాగబెట్టకు, దాని గోడల గుండా గాలి మెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది. సైఫన్ గొట్టం కొస అడుగుకి తాకాలి, చప్పుడు రాకుండా నిండాలి. నీ దగ్గర గ్యాస్ సిలిండర్ ఉంది కాబట్టి ముందే కార్బాయ్‌ని కార్బన్ డయాక్సైడ్‌తో నింపుకో. మెడ ఇరుకైన చోటి దాకా బీరు రావాలి, పైన రెండు అంగుళాలకి మించి ఖాళీ ఉండకూడదు. మీ అమ్మమ్మ ఆవకాయ జాడీలో ముక్క మీద నాలుగు వేళ్ల నూనె తేలాలని ఎందుకు గోల పెట్టేదో, తడి గరిటె పెడితే ఎందుకు చెయ్యి విరగ్గొట్టేంత పని చేసేదో, అంతా ఇదే లెక్క. గాలి తగలకూడదు, పరాయి సూక్ష్మజీవి దిగకూడదు. ఇక్కడ నూనె లేదు కాబట్టి గ్యాసే నూనె. ఖాళీ మిగిలితే నీళ్లు పోసి నింపేవు, వద్దు. కొట్లో దొరికే ఏదైనా మంచి బార్లీవైన్ రెండు సీసాలు పొయ్యి. సియెర్రా నెవాడా వాళ్ల బిగ్‌ఫుట్ 1983 నుంచి వస్తోంది, ఒకటి కొని సగం పోసి సగం తాగు, నీ బీరు ఎటు పోవాలో నాలుకకి తెలుస్తుంది.

నిజం చెప్పాలంటే నువ్వు గాజు కార్బాయ్ వాడడం నాకు ఇష్టం లేదు. నిండుగా ఉంటే 25 కిలోలు. తడి చేతుల్లోంచి జారితే నరాలు తెగుతాయి. మెడ దగ్గర పిడి తగిలించి ఎత్తకు, ఆ పిడి ఖాళీదాన్ని పట్టుకోవడానికే. పాల క్రేట్‌లో పెట్టి ఎత్తు. చల్లటి గాజులో వేడినీళ్లు పోయకు, అడుగు ఊడి వస్తుంది. బుడ్డోడు నడక నేర్చాడు కదా, కనబడిన ప్రతిదాన్నీ పట్టుకుని నిలబడతాడు. అందుకని ఐదు గ్యాలన్ల స్టీలు కెగ్ (ఒత్తిడి తట్టుకునే మూత డబ్బా) ఒకటి, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే, కొను. పగలదు, వెలుతురు రాదు, గాలి రాదు, ఎయిర్‌లాక్ బాధ ఉండదు. పాత రబ్బరు రింగులన్నీ మార్చు, ముందువాడు రూట్ బీర్ (ఘాటు వాసన ఉన్న కూల్‌డ్రింక్) పోసి ఉంటే ఆ వాసన రింగుల్లోనే ఉంటుంది. నింపాక గ్యాస్ సిలిండర్ నుంచి 30 పీఎస్‌ఐ ఒత్తిడి ఇచ్చి మూత కరుచుకునేలా చేసి, వాల్వు లాగి వదిలి మళ్లీ నింపు, ఇలా ఆరేడుసార్లు. తర్వాత సిలిండర్ తీసేసి పక్కన పెట్టెయ్యొచ్చు. కాకపోతే నెలకోసారి వాల్వు కొంచెం లాగి లోపల ఒత్తిడి ఉందో లేదో చూడు. బుస్సుమనకపోతే మూత దగ్గర లీకు ఉన్నట్టు. డబ్బు నేను పంపిస్తాను, మీ ఆవిడకి చెప్పకు.

గాజే వాడతానని మొండికేస్తే ఎయిర్‌లాక్ సంగతి విను. నెలల తరబడి మాగేప్పుడు బుడగలు రావు, లోపలి నుంచి తోసే ఒత్తిడి ఉండదు. రాత్రి చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి ఎయిర్‌లాక్‌లోని నీటిని లోపలికి పీలుస్తుంది. మూడు ముక్కల ఎయిర్‌లాక్‌లో అయితే ఆ నీరు నేరుగా బీరులో పడుతుంది. ఎస్ ఆకారంలో ఉండేది వాడు, అది బుడగల్ని రెండువైపులా పోనిస్తుంది. అందులో వోడ్కా పొయ్యి, పడినా బీరు పాడవదు. కానీ వోడ్కా ఆరిపోతుంది, మీ ఇంట్లో ఏసీ గాలికి మరీ త్వరగా. పది రోజులకోసారి చూడాలని ఫోన్‌లో గంట పెట్టుకో. ఎండిన ఎయిర్‌లాక్ అంటే తెరిచిన తలుపు. ఆ తలుపులోంచి గాలి, దాని వెంట వెనిగర్ చేసే బ్యాక్టీరియా. దానికి కావాల్సినవి రెండే, ఆల్కహాలూ ఆక్సిజనూ. ఆల్కహాల్ నువ్వు ఎలాగూ పోసి పెట్టావు. పొద్దుటి కల్లు సాయంత్రానికి ఏమవుతుందో మన ఊళ్లో చూశావు కదా.

ఇప్పుడు గరాజ్. వద్దు. డాలస్ గరాజ్ మే నెలలోనే 95 దాటుతుంది, జూలైలో 110. పది సెల్సియస్ డిగ్రీలు పెరిగితే బీరు పాడయ్యే వేగం రెట్టింపుకి తక్కువ కాదు. ఒక్క వేసవి అక్కడ ఉంచితే ఏళ్లు మాగిన ముసలితనం వస్తుంది గానీ ఆ ఏళ్ల రుచి రాదు. ఇంటి మధ్యలో, బయటి గోడ తగలని క్లోజెట్ చూసుకో. 55 నుంచి 60 అయితే భేషుగ్గా ఉంటుంది, 68 అయినా పరవాలేదు, రోజూ ఒకేలా ఉండటం ముఖ్యం. పగలు 75 రాత్రి 62 అయితే ఎయిర్‌లాక్ రోజంతా ఊపిరి తీస్తూనే ఉంటుంది. గాజు మీద నల్ల టీ షర్టు తొడుగు, వెలుతురు తగిలితే హాప్స్ చేదు విరిగి, ఇక్కడ స్కంక్ అనే జంతువు వదిలే కంపు ఉంటుందే, అలాంటిది వస్తుంది.

ఓక్ ముక్కలు వేద్దామా అని అడిగావు. వెయ్యి, కానీ చిప్స్ కాదు, క్యూబ్స్. మీడియం టోస్ట్ అమెరికన్ ఓక్, 5 గ్యాలన్లకి ఒక ఔన్సు చాలు. వారం రోజులు బర్బన్ విస్కీలో నానబెట్టి, సీసాలు నింపడానికి రెండు నెలల ముందు వెయ్యి. మొదట్లోనే వేస్తే తీసే దారి లేదు. ఎక్కువైన చెక్క రుచి పెన్సిల్ కొరికినట్టుంటుంది. నిజమైన పీపా కొంటానని మాత్రం అనకు. ఐదు గ్యాలన్ల చిన్న పీపాలో బీరుకి చెక్క తగిలే భాగం చాలా ఎక్కువ, గాలి పీల్చేదీ ఎక్కువ. పాతకాలపు ఇంగ్లిష్ స్టాక్ ఏల్‌లకి (నిల్వబెట్టి తాగే బీర్లకి) ఆ ప్రత్యేకమైన రుచి ఎక్కడిదా అని వెతికి, 1904లో డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసే క్లౌసెన్ తను కనిపెట్టిన ఈస్ట్‌కి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టాడు. అది పీపా చెక్కలో కాపురం ఉంటుంది. మామూలు ఈస్ట్ వదిలేసిన చక్కెరల్ని కూడా నెమ్మదిగా తినేస్తుంది. అది చేరిందంటే టేపు మీద రాసిన అంకెకి అర్థమే ఉండదు, 1.024 కాస్తా 1.012కి పోవచ్చు, అదీ సీసాల్లోకి వెళ్లాక. గీతలు పడ్డ పాత ప్లాస్టిక్ గొట్టాల్లో కూడా దాక్కుంటుంది. సైఫన్ గొట్టం కొత్తది కొను.

మధ్యలో ఎన్నిసార్లు రుచి చూడాలి? మూడుసార్లు. ఓక్ వేసేప్పుడు, వేసిన నెలకి, సీసాలకి ముందు. చూడాలనిపించినప్పుడల్లా తెరిస్తే ఆరు నెలల్లో ఇరవైసార్లు గాలి పోసినట్టు. పైన తెల్లగా, సాలెగూడులా పొర కనిపిస్తే కదపకుండా నాకు ఫోటో పంపు.

జూన్‌లో సీసాలు. ఆ రోజు ముందు కొలవాల్సింది గ్రావిటీ. కార్బాయ్‌లోకి మార్చినప్పటి అంకెకీ ఇప్పటికీ రెండు పాయింట్లకి మించి తేడా ఉంటే సీసాలు నింపకు. ఏదో లోపల తింటోంది. నెల ఆగి మళ్లీ చూడు. పెళ్లిరోజుకి అందకపోతే పోనీ, పదకొండో పెళ్లిరోజు కూడా వస్తుంది.

అంకె కుదిరితే కొత్త ఈస్ట్ వేయాలి. ఆరు నెలలు పది శాతం ఆల్కహాల్‌లో ఉన్నది అడుగున చచ్చో, చావుకి దగ్గర్లోనో ఉంటుంది. దాన్ని నమ్ముకుంటే సీసాలు చప్పగా మిగులుతాయి. సీబీసీ-1 అని సీసాల కోసమే అమ్మే పొడి ఈస్ట్ ఉంది, లేదా షాంపేన్ ఈస్ట్ ఈసీ-1118. రెండు గ్రాములు చాలు. దానికి పదింతల గోరువెచ్చటి నీళ్లలో, 100 డిగ్రీలకి మించకుండా, పావుగంట నానబెట్టు. తర్వాత ఒక గరిటెడు బీరు అందులో కలిపి పది నిమిషాలు ఉంచి, అప్పుడు మొత్తంలో కలుపు. ఒక్కసారిగా పోస్తే ఆల్కహాల్ దెబ్బకి తట్టుకోలేదు.

పంచదార కప్పులతో కొలవకు, తూకం వెయ్యి. కార్బాయ్‌లో మాగిన 5 గ్యాలన్ల బీరుకి రెండు వాల్యూముల కోసం మామూలు పంచదార 85 గ్రాములు. 100 గ్రాములు వేస్తే 2.2 దాకా వస్తుంది, అది పై హద్దు. బార్లీవైన్‌కి సోడాలా చిమ్మాల్సిన పనిలేదు, మెల్లగా పైకి తేలితే చాలు. కెగ్‌లో మాగబెడితే ఇచ్చిన ఒత్తిడి వల్ల కొంత గ్యాస్ ముందే కరిగి ఉంటుంది. ముందు రోజు వాల్వు తెరిచి, కెగ్ అదే గది వేడిలో ఉంచి, గ్యాస్ పోయేదాకా రెండు మూడుసార్లు వదులు. లేకపోతే ఆ లెక్క తప్పుతుంది. ఆ పంచదారని రెండు కప్పుల నీళ్లలో ఐదు నిమిషాలు మరగబెట్టి చల్లార్చి, బాటిలింగ్ బకెట్ అడుగున ముందే పోసి, దాని మీదకి బీరు సైఫన్ చెయ్యి. సుడి తిరుగుతూ అదే కలుస్తుంది, అయినా శుభ్రమైన గరిటెతో రెండుసార్లు మెల్లగా తిప్పు. సరిగ్గా కలవకపోతే కొన్ని సీసాలు చప్పగా, కొన్ని బాంబుల్లా తయారవుతాయి.

సీసాలు 12 ఔన్సులవి, 48 నుంచి 50 కావాలి. తిప్పితే వచ్చే మూత సీసాలు పనికిరావు. ఆక్సిజన్ పీల్చే మూతలు కొను, అవి తడిస్తే పని మొదలెడతాయి కాబట్టి గంటల తరబడి శానిటైజర్‌లో నానబెట్టకు. నింపేటప్పుడు ఒకటి మాత్రం అర లీటరు ప్లాస్టిక్ కోక్ సీసాలో నింపు. అదే నీకు మీటర్. వారం వారం నొక్కి చూడు. గట్టిపడి, బొటనవేలికి కొంచెం లొంగితే సరి. రాయిలా అయి, అడుగు ఉబ్బితే గాజు సీసాల్లోనూ అంతే ఉందని అర్థం.

మిగతా సీసాలన్నీ మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాల్లో నిలబెట్టి, పైన మందపాటి తువ్వాలు కప్పి మూత పెట్టు. 70 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాలు. తాళం వేసే గదిలో పెట్టు. బుడ్డోడి చెయ్యి అందని ఎత్తు అని చెప్పకు, సీసా పగిలితే ఎత్తు లెక్కలోకి రాదు.

కోక్ సీసా రాయిలా అయితే కంగారుపడి ఆ వెచ్చటి సీసాల డబ్బాలో చేతులు పెట్టకు. కళ్లకి గాగుల్స్, లెదర్ గ్లోవ్స్, మందపాటి కోటు వేసుకుని డబ్బాని కుదపకుండా, మూత తియ్యకుండా, ఎలా ఉన్నది అలా చల్లబరచు. ఫ్రిజ్ ఖాళీ చేసి డబ్బాతో సహా పెట్టు. చల్లబడితే గ్యాస్ బీరులో కరిగి ఒత్తిడి తగ్గుతుంది. రెండు రోజుల తర్వాత, సీసా చుట్టూ తువ్వాలు చుట్టి, మూత కొద్దిగా వదులు చేసి, గ్యాస్ పోయాక మళ్లీ బిగించు. అప్పుడు నువ్వు ఒక్కడివే ఇంట్లో ఉండాలి.

అంతా సవ్యంగా జరిగితే ఆగస్టు చివర ఒకటి తెరువు. ఘాటుగానే ఉంటుంది, నిరాశపడకు. డిసెంబర్‌కి మెత్తబడుతుంది. ఆరు సీసాలు పక్కన పెట్టి మూతల మీద మైనం పొయ్యి, బుడ్డోడికి ఇరవై ఒక్కేళ్లు వచ్చేదాకా ఉంచుతావో లేదో నీ ఇష్టం. పోస్టులో నాకు పంపే ప్రయత్నం చేయకు, పోస్టాఫీసు వాళ్లు బీరు తీసుకోరు. డిసెంబర్‌లో నేనే వస్తాను, అత్తయ్య కూడా.

మీ అమ్మకి రేపు ఫోన్ చేసి సారా కాదని నీ నోటితో చెప్పు. నేను చెబితే నమ్మలేదు. ఫ్లాస్క్‌లో వచ్చిన అంకె టేపు మీద రాసి, ఫోటో తీసి నాకు పంపు. అది చూసేదాకా నాకు నిద్ర పట్టదు.

మామయ్య